కాప్టెన్ మస్తాన్ వలీ, బస్సు డ్రైవరు

రియాద్‌లో ఫుట్‌బాల్ నేర్పే ప్రతివాణ్నీ కుర్రాళ్లు కాప్టెన్ అనే పిలుస్తారు. అది అక్కడి మర్యాద. ఆ లెక్కన మస్తాన్ వలీ కూడా పద్నాలుగేళ్లుగా కాప్టెనే. నగరానికి తూర్పున ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ టీముకు డిఫెన్స్ నేర్పేది అతనే. గోలు ముందు నిలబడే నలుగురికీ ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో, ఎవణ్ని వదిలేసి ఎవణ్ని పట్టుకోవాలో చెప్పేది అతనే, ఇంకెవడూ కాదు. ఈ సంగతి గేటు దగ్గర కూర్చునేవాడి నుంచి డీన్‌ దాకా అందరికీ తెలుసు. కానీ కాయితం అడిగి చూడండి! అప్పుడు మస్తాన్ వలీ బస్సు డ్రైవరు. ఆ దేశంలో ఉండటానికీ పనిచేయడానికీ ఇచ్చే ఇకామా కార్డు మీద రాసింది అదే. ఆఫీసు కంప్యూటర్లో ఉన్నదీ అదే.

ఊరికే డ్రైవరు కూడా కాదు, అసలు ఆటగాడు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే రోజుల్లో స్టాపర్ బ్యాక్‌గా ఆడేవాడు. యూనివర్సిటీ టీముకు రెండేళ్లు ఆడాడు. గోలు కొట్టినవాడి ఫొటో పేపర్లో వేస్తారు, గోలు ఆపినవాడి పేరు కూడా రాయరు అని అప్పుడే తెలుసు. అయినా ఆపడమే ఇష్టం అతనికి. వాళ్ల పీడీ సారు ఒక పాత మోకు తెచ్చి డిఫెన్స్ నలుగురి చేతా పట్టించేవాడు. ఒకడు జరిగితే మిగతా ముగ్గురూ జరగాలి, తాడు బిగుసుకోకూడదు, నేల మీద పడకూడదు. ఆ ఒక్క తాడుతోనే నాలుగు జిల్లాల టీములను మట్టి కరిపించారు. తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం కోసం మూడేళ్లు తిరిగాడు. రాలేదు. హెవీ లైసెన్సు తీసుకుని ఆర్టీసీ అద్దె బస్సు నడిపాడు, ఆ లైసెన్సు మీదే 2011లో సౌదీ వచ్చాడు.

ఇక్కడ అతని పని టీమును గ్రౌండుకు తీసుకుపోవడం, ఆట అయ్యేదాకా ఆగడం, తీసుకురావడం. వచ్చిన కొత్తలోనే ఒక మ్యాచ్‌లో కాలేజీ టీము ఏడు గోల్స్ తిన్నది. ఏడు! బస్సు పక్కన నిలబడి చూస్తున్న మస్తాన్ వలీకి కాళ్లూ చేతులూ ఆడలేదు. నలుగురు డిఫెండర్లు నాలుగు దిక్కులకు పరుగెత్తుతున్నారు. తిరుగు ప్రయాణంలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక్కి తిరిగి, వచ్చీరాని అరబ్బీలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మరుసటి రోజు, సోమవారం, హెడ్ కోచ్ అతన్ని పిలిచి, నవ్వుతూ, "ముందువాళ్లను నేను చూసుకుంటాను, ఈ వెనక నలుగురినీ నువ్వు చూసుకో" అన్నాడు. ఎగతాళికే అన్నాడేమో. మస్తాన్ వలీ ఆ సాయంత్రమే బత్హా బజారుకు పోయి తాడు కొనుక్కొచ్చాడు.

తాడుతో పాటు నాలుగు తెలుగు మాటలు కూడా నేర్పాడు. జరుగు, ఆగు, వదులు, నాది. అరబ్బీలో అరిస్తే అవతలి టీముకు అర్థమైపోతుంది కదా! ఒకడు బంతి వదిలెయ్యమంటే వాళ్ల ఫార్వర్డు దాన్ని ఎత్తుకుపోతాడు. తెలుగులో అరిస్తే రియాద్‌లో ఏ ఫార్వర్డుకు తెలుస్తుంది? రియాద్ కుర్రాళ్లు గ్రౌండు మధ్యలో "జరుగు, జరుగు" అని అరుస్తుంటే అవతలివాళ్లు తెల్లమొహాలు వేసేవారు. ఆ ఏడాది చివరికి ఆ కాలేజీ మీద గోలు కొట్టడం కష్టమన్న పేరు వచ్చింది. ఒక బ్యాచ్ వెళ్లిపోతే ఇంకో బ్యాచ్. పెద్దవాళ్లే చిన్నవాళ్లకు ఆ నాలుగు మాటలూ అప్పజెప్పి పోయేవారు.

ఈ పద్నాలుగేళ్లలో ఆరుగురు హెడ్ కోచ్‌లు మారారు. ఒక్కొక్కరిదీ ఒకటే తంతు. మొదటి వారం "ఈ డ్రైవరు గ్రౌండులో ఏం చేస్తున్నాడు?" అని ముఖం చిట్లిస్తారు. రెండో నెలలో "మస్తాన్, రేపు ఒక గంట ముందు రా" అంటారు. రెండేళ్లు పోయాక, మా టీము లీగులో అందరికంటే తక్కువ గోల్స్ తిన్నది అని తమ బయోడేటాలో రాసుకుని పెద్ద క్లబ్బుకు ఎగిరిపోతారు. పోయేటప్పుడు భుజం తట్టి, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అంటారు. ఆ ముక్క ఒక కాయితం మీద రాసివ్వడానికి ఆరుగురిలో ఒక్కడికైనా చేతులు రావాలిగా!

అన్నీ వాళ్ల తప్పేనా అంటే, మస్తాన్ వలీ కూడా ఒక పిచ్చి పని చేశాడు. వచ్చిన మూడో ఏడు లేబర్ ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చారు. ఇకామాలో ఒక పని రాసి ఇంకో పని చేయిస్తే కాలేజీ మీద కేసు. ఆ వేళకు అతను తాడు పట్టుకుని గ్రౌండు మధ్యలో ఉన్నాడు. స్పోర్ట్స్ ఆఫీసు మేనేజరు నౌమాన్ పరుగెత్తుకొచ్చాడు. లాహోర్ మనిషి, మస్తాన్ వలీతో ఉర్దూలోనే మాట్లాడతాడు. "భాయ్, కాలేజీ పరువు నీ చేతిలో ఉంది" అని చెవిలో ఊదాడు. తనిఖీ ఆఫీసరు నువ్వెవరని అడిగితే మస్తాన్ వలీ తన నోటితో తనే "సవ్వాగ్" అన్నాడు, అంటే డ్రైవరు. ఖాళీగా ఉండి సరదాకు కుర్రాళ్లతో ఆడుతున్నానని అరబ్బీలో రాసిన కాయితం పెడితే చదవకుండా సంతకం చేశాడు. తిండి పెట్టిన చోటు కదా, ఆ మాత్రం చేయొద్దా అనుకున్నాడు. ఎంత అమాయకత్వం! ఆ కాయితాన్ని నౌమాన్ ఫైల్లో భద్రంగా దాచుకున్నాడు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న మార్చిలో, ఖఫ్జీ నుంచి కబురొచ్చింది. కువైట్ సరిహద్దులో చమురు బావుల దగ్గరున్న ఊరు అది. అక్కడ ఒక స్పోర్ట్స్ అకాడమీ డిఫెన్స్ కోచ్ కోసం చూస్తోంది. ఉద్యోగం వస్తే కఫాలా, అంటే యజమాని పూచీ, అకాడమీకి బదిలీ అవుతుంది, ఇకామాలో డ్రైవరు పోయి ముదర్రిబ్ వస్తుంది. ముదర్రిబ్ అంటే కోచ్. నలభై ఆరేళ్ల వయసులో, మొదటిసారి, చేసే పనీ కార్డు మీది మాటా ఒకటవుతాయి. వాళ్లు అడిగింది ఒక్కటే. ఐదేళ్లు తక్కువ కాకుండా కోచ్‌గా పనిచేసినట్టు ఇప్పటి కాలేజీ నుంచి అనుభవ పత్రం. నెలాఖరులోగా.

మస్తాన్ వలీ ఉతికిన చొక్కా వేసుకుని నౌమాన్ ఆఫీసుకు పోయాడు. నౌమాన్ టీ తెప్పించాడు, కుర్చీ చూపించాడు, సంగతి వినగానే నీళ్లు నమిలాడు.

"ఎట్లా ఇస్తాను భాయ్? నువ్వు కోచ్‌వని రాస్తే, డ్రైవరు చేత కోచ్ పని చేయించామని మేమే ఒప్పుకున్నట్టు."

"చేయించారు కదా సాబ్?"

"చేయించాం. ఎవరు కాదన్నారు? కానీ రాయలేం." అని ఫైలు తెరిచి పాత కాయితం చూపించాడు. "సరదాకు ఆడుతున్నానని నువ్వే సంతకం పెట్టావు. ఇదిగో."

మస్తాన్ వలీకి ఒళ్లంతా భగ్గుమంది. ఎవరి పరువు కాపాడటానికి పెట్టాడు ఆ సంతకం? నౌమాన్ మాత్రం ఎంతో మేలు చేస్తున్నవాడిలా ప్రింటరు నుంచి ఒక లెటరు తీసి చేతిలో పెట్టాడు. మస్తాన్ వలీ మంచి నడవడిక గల బస్సు డ్రైవరు, పద్నాలుగేళ్లలో ఒక్క ప్రమాదమూ చేయలేదు అని ఉంది అందులో. స్టాంపు కూడా వేశాడు, మహానుభావుడు. మస్తాన్ వలీ టీ ముట్టకుండా లేచి వచ్చేశాడు.

మధ్యాహ్నం ప్రొద్దుటూరుకు ఫోను చేశాడు. భార్య పర్వీన్‌తో మామూలుగా మాట్లాడేది ఉర్దూ. కోపమొస్తే మాత్రం ఇద్దరికీ కడప తెలుగే వస్తుంది.

"ఇచ్చినాడా కాయితం?" అంది ఆమె.

"ఇచ్చినాడు. డ్రైవరని."

"డ్రైవరనా? దాన్ని నువ్వు తీసుకోని వచ్చినావా? వాని మొహాన కొట్టి రావాల్సింది పోయి!"

"గట్టిగా మాట్లాడితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారు పర్వీన్. యాడికి పోవాల?"

"పద్నాలుగేండ్లు మెత్తగా మాట్లాడినావు కదా, ఏమిచ్చినారు నీకు? ఈసారన్నా గట్టిగా అడుగు. నువ్వేం దానం అడుగుతాండావా?"

ఆ మాట అతని మనసులో ముల్లులా దిగింది.

నెలాఖరుకు వారం ఉందనగా అంతర కాలేజీ కప్పు ఫైనల్ వచ్చింది. ఇన్నాళ్లూ మస్తాన్ వలీ నీళ్ల బ్యాగు మోస్తున్నట్టుగా బెంచీ వెనక నిలబడి నలుగురినీ కనిపెట్టుకుని ఉండేవాడు. ఈసారి నిబంధనలు బిగించారు. టీము పట్టీలో పేరున్నవాళ్లకే లోపలికి ప్రవేశం. పట్టీలో హెడ్ కోచ్ పేరుంది, ఫిజియో పేరుంది, ఫుట్‌బాల్‌ను చేత్తో తప్ప కాలితో ముట్టని నౌమాన్ పేరు కూడా ఉంది. మస్తాన్ వలీని గేటు దగ్గరే ఆపేశారు. అతను నౌమాన్ వైపు చూశాడు. నౌమాన్ ఫోను చూసుకుంటూ లోపలికి నడిచాడు.

బస్సు పార్కింగులో, స్టేడియం గోడకు ఇవతల, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు మస్తాన్ వలీ. ఆట కనిపించదు, అరుపులు మాత్రం వినిపిస్తాయి. అవతలి జట్టువాళ్ల డప్పులు ఒకసారి మోగాయి. పావుగంటలో ఇంకోసారి. ఏమవుతోందో అతనికి చూడకుండానే తెలిసిపోయింది. లెఫ్ట్ బ్యాక్ బంతి కోసం పైకి పోతున్నాడు, స్టాపర్‌గా ఆడే తుర్కీ అనే కుర్రాడు ఆ ఖాళీని పూడ్చడానికి పక్కకు జరుగుతున్నాడు, మధ్యలో బారెడు సందు. వారం నుంచి అతను చెబుతున్నదే. హెడ్ కోచ్‌కు ఆ ముక్క తెలియదు. ఎలా తెలుస్తుంది, ఎప్పుడైనా డిఫెన్స్‌ను తను చూసుకుంటే కదా?

సగం ఆట అయ్యీ కాకముందే నౌమాన్ రొప్పుతూ బస్సు దగ్గరకొచ్చి తలుపు కొట్టాడు.

"భాయ్, రెండు గోల్స్ తిన్నాం. డీన్ గారు పై గ్యాలరీలో ఉన్నారు. కంచె దగ్గరకొచ్చి కుర్రాళ్లకు రెండు ముక్కలు చెప్పిపో."

"నేను డ్రైవరును సాబ్. మంచి నడవడిక గల డ్రైవరును. మీరే రాసిచ్చారు."

"ఇది కోపాలకు టైమా?"

"మరి ఎప్పుడు టైము? ఆ పట్టీలో నా పేరు ఎక్కించండి. పక్కన డిఫెన్స్ కోచ్ అని రాయించండి. స్టాంపు వేయించి తెచ్చి చూపించండి. అప్పుడు దిగుతాను."

నౌమాన్ బతిమాలాడు, బెదిరించాడు, గడియారం చూపించాడు. మస్తాన్ వలీ స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. లోపల ఆ నలుగురూ తల వేలాడేసుకుని కూర్చుని ఉంటారని తలుచుకుంటే గుండె పిండేసినట్టవుతోంది. అయినా కదల్లేదు. చివరికి నౌమాన్ వెనక్కి పరుగెత్తాడు. ఏడు నిమిషాల్లో పట్టీతో తిరిగొచ్చాడు. మస్తాన్ వలీ, ముదర్రిబ్ డిఫెన్స్. మ్యాచ్ కమిషనరు స్టాంపు, సంతకం. కమిషనరు పద్ధతి తెలిసిన మనిషి, స్టాంపు పక్కన ఇంకో వరుస కూడా రాశాడు. మస్తాన్ వలీ ఆ వరుస చదవలేదు. తన పేరు మాత్రం చదువుకున్నాడు. ఫోనుతో ఫొటో తీసుకుని బస్సు దిగాడు.

డ్రెస్సింగ్ రూములో తుర్కీ ఏడుస్తున్నాడు. మస్తాన్ వలీ వాణ్ని ఓదార్చలేదు. లెఫ్ట్ బ్యాక్ చొక్కా పట్టుకుని రెండడుగులు వెనక్కి లాగి, "నువ్వు ఇక్కడ. ఇది దాటితే నీ కాళ్లు విరగ్గొడతా" అని అరబ్బీలో అరిచాడు. అంతే, ఎక్కువ మాట్లాడలేదు. రెండో సగం మొత్తం గీత దగ్గర నిలబడి గొంతు చించుకున్నాడు. జరుగు! ఆగు! వదులు! కుర్రాళ్లు తిరిగి అదే అరిచారు. ఒక్క గోలు పడలేదు. ముందువాళ్లు రెండు కొట్టి సమం చేశారు, పెనాల్టీల్లో కప్పు గెలిచారు.

కప్పుతో అందరూ ఫొటోకు నిలబడ్డారు. డీన్, హెడ్ కోచ్, నౌమాన్, ఫిజియో. మస్తాన్ వలీ కూడా చెమట తుడుచుకుని తుర్కీ పక్కకు వచ్చాడు. నౌమాన్ తన ఫోను తీసి అతని చేతిలో పెట్టి, "భాయ్, ఒక మంచి ఫొటో తియ్యి, నువ్వు బాగా తీస్తావు" అన్నాడు. తీశాడు. ఏం చేస్తాడు? కానీ లోపల పోనీలే అనుకున్నాడు. ఫొటోలో లేకపోతేనేం, స్టాంపు పడ్డ కాయితం ఫొటో జేబులోని ఫోనులో ఉంది. దాన్ని అప్పుడే ఖఫ్జీకి పంపించేశాడు. పర్వీన్‌కు కూడా పంపాడు. "సెబాసు!" అంది ఆమె.

నాలుగో రోజు మధ్యాహ్నం ఖఫ్జీ నుంచి జవాబు వచ్చింది. బస్సు కడుగుతూ మధ్యలో ఆపి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని చదివాడు. మీరు పంపిన పత్రం అందింది. దాని ప్రకారం డిఫెన్స్ కోచ్‌గా మీ అనుభవం ఒక మ్యాచ్, అందులోనూ రెండో సగం మాత్రమే. కోచ్ పోస్టుకు ఐదేళ్లు ఉండాలి. మీ ఇకామాలో ఉన్న వృత్తిని బట్టి చూస్తే మా దగ్గర బస్సు డ్రైవరు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. నెలాఖరులోగా మీ నిర్ణయం తెలపగలరు.

ఫొటో తెరిచి స్టాంపు పక్కన వేలితో పెద్దది చేసి చూశాడు. కమిషనరు రాసిన వరుస స్పష్టంగా ఉంది. రెండో సగం నుంచి అనుమతించడమైనది. మస్తాన్ వలీ బకెట్టును కాలితో తన్నాడు. నీళ్లన్నీ చక్రాల కిందికి పారాయి. నలభై ఐదు నిమిషాలు! పద్నాలుగేళ్లు ఎండలో మాడి, గొంతు పోగొట్టుకుని, ఎవరెవరి పిల్లలకో నిలబడటం నేర్పితే మిగిలిన అనుభవం నలభై ఐదు నిమిషాలు!

పర్వీన్ ఫోనులో అంతా విని నెమ్మదిగా అడిగింది.

"ఎప్పటి నుంచి చేస్తాండావో రాయించుకోలేదా?"

"ఆ రోసంలో పేరొక్కటే అడిగినా. తారీఖు అడగాలని తట్టలేదు."

"అయితే ఇప్పుడడుగు" అంది పర్వీన్. "నెలాఖరుకు ఇంకా మూడు దినాలు ఉండాయి."

ఆ సాయంత్రం నాలుగింటికి ఎప్పటిలాగే టీమును ఎక్కించుకుని గ్రౌండుకు పోయాడు. పది రోజుల్లో ఇంకో టోర్నమెంటు ఉంది. బస్సు ఆపాడు, తలుపు తీశాడు, కుర్రాళ్లు దిగారు. తలుపు మూసి సీట్లోనే కూర్చున్నాడు. తుర్కీ వచ్చి అద్దం మీద తట్టాడు.

"యా కాప్టెన్, యల్లా! తాడు తీసుకురా."

"కాప్టెన్ లేడు. సవ్వాగ్ ఉన్నాడు. గ్రౌండుకు తెచ్చాను, అయ్యాక తీసుకుపోతాను."

తుర్కీ నవ్వబోయి ఆగిపోయాడు. ఏమైందని అడిగాడు. మస్తాన్ వలీ ఫోనులో ఖఫ్జీ జవాబు చూపించాడు. తుర్కీ రెండుసార్లు చదివాడు, రెండోసారి చదివేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. గ్రౌండులోకి పోయి మిగతా వాళ్లతో ఏదో చెప్పాడు. కాసేపటికి డిఫెన్స్ నలుగురూ వచ్చి బస్సు నీడలో కింద కూర్చున్నారు. వాళ్ల వెనకే గోల్‌కీపరు వచ్చాడు. తర్వాత ఒకరొకరుగా అందరూ వచ్చారు. హెడ్ కోచ్ విజిల్ ఊదీ ఊదీ చివరికి నౌమాన్‌కు ఫోను చేశాడు.

నౌమాన్ కారు దుమ్ము లేపుకుంటూ వచ్చింది.

"ఏంటి భాయ్ ఈ డ్రామా? డీన్ దాకా పోతే ఎంత గొడవ!"

మస్తాన్ వలీ తలుపు తీశాడు. మెట్టు మీద నిలబడి, లాగ్‌బుక్కులో నుంచి చించిన ఒక తెల్ల కాయితమూ పెన్నూ అందించాడు.

"రాయండి సాబ్. పేరు రాయండి, పని రాయండి, ఎప్పటి నుంచో రాయండి. ఇక్కడ రాసిందే మీ ఆఫీసు లెటరు మీద ఎక్కించండి. మళ్లీ మాట మార్చకూడదు."

"ఇది రాస్తే నా ఉద్యోగం పోతుంది తెలుసా?"

"రాయకపోతే నాది పోతుంది సాబ్. పద్నాలుగేళ్లది. సవ్వాగ్ అన్న ఒక్క మాట మీకు చాలదని, మీ కోసం అబద్ధపు సంతకం కూడా పెట్టాను. మీరు నా కోసం నిజం ఒక్కసారి రాయలేరా?"

నౌమాన్ కింద కూర్చున్న కుర్రాళ్ల వైపు చూశాడు. ఒక్కడూ లేవలేదు. కాయితం అటూ ఇటూ తిప్పాడు. కారు బానెట్టు మీద పెట్టి, పేరు రాశాడు, పని రాశాడు. అక్కడ పెన్ను ఆగింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"2011లో ఏ నెల?"

"సెప్టెంబరు పంతొమ్మిది. సోమవారం" అన్నాడు మస్తాన్ వలీ. "రాయండి సాబ్. సోమవారం అని కూడా రాయండి."